డోర్నకల్: ఎంచుకోని వాక్యం

కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే రైలు మార్గంలో డోర్నకల్ జంక్షన్ దగ్గర ఒక పాయ చీలి బొగ్గు గనుల వైపు, కొత్తగూడెం వైపు వెళ్లిపోతుంది. ఇల్లెందు బొగ్గును బయటికి తెచ్చేందుకు నిజాం కాలంలో వేసిన పట్టాలే ఈ ఊరిని మ్యాపులోకి ఎక్కించాయి. చుట్టూ మిర్చి చేలు, పత్తి చేలు, లంబాడా తండాలు. 2016 వరకు వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. రైలు మారడానికి దిగేవారే తప్ప, చూడటానికి దిగేవారు ఇక్కడ తక్కువ.

చూడదగ్గది మాత్రం ఒకటుంది. దూరం నుంచి ఆ గుమ్మటాలను, మినార్లను చూసినవారు మసీదే అనుకుంటారు. దగ్గరికెళితే రాతి స్తంభాలు గుడి మండపాన్ని గుర్తు చేస్తాయి. శిలువ కంటబడ్డాక గానీ అది చర్చి అని తేలదు. దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) డోర్నకల్ అధ్యక్ష మండలానికి కేంద్రమైన ఎపిఫనీ కతీడ్రల్ ఇదే. డబ్బుల్లేక ఏళ్ల తరబడి ఆగుతూ సాగిన నిర్మాణం ముగిసి, 1939 జనవరి 6న దీన్ని ప్రతిష్ఠించారు.

ఆ తేదీని కావాలనే పెట్టారు. జనవరి 6 ఎపిఫనీ పండుగ. నక్షత్రాన్ని చూసుకుంటూ తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసును వెతుక్కుంటూ వచ్చిన కథను ఆ రోజు చదువుతారు. మత్తయి సువార్త రెండో అధ్యాయంలోని ఆ భాగం పాత ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలోనూ ఆ పండుగకే ఉంది, నేటి పట్టికల్లోనూ ఉంది. యూదులు కానివారు, వేరే దేశంవారు, శాస్త్రం తెలియనివారు ముందుగా గుమ్మం చేరిన కథ అది. దానికి తగ్గట్టే కట్టడం కూడా మసీదు నుంచి కొంత, గుడి నుంచి కొంత తెచ్చుకుంది.

ఆదివారం ఉదయం ఆరాధన వేళకు తెల్లచీరల ఆడవాళ్లు, జిప్పు కవర్లలో బైబిళ్లు పట్టుకున్న మగవాళ్లు, జుట్టుకు నూనె రాసి నున్నగా దువ్విన పిల్లలు వచ్చి కూర్చుంటారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి ఒక పాట అందుకుంటారు. ఆ తర్వాత పాత నిబంధన నుంచి ఒక పాఠం, ఒక పత్రిక నుంచి ఇంకొకటి, చివరికి సువార్త. సువార్తకు అందరూ లేచి నిలబడతారు. చదివేది ఎప్పుడూ పాస్టరే కాదు. ఓ ఆదివారం కాలేజీలో చదివే అమ్మాయి, మరో ఆదివారం రిటైరైన టీచరు. ఊళ్లో బడి గుమ్మం దగ్గరే తాతముత్తాతలను ఆపేసిన కుటుంబాల నుంచి వచ్చినవారు, ఇక్కడ నిండు సభలో గ్రంథం తెరిచి గట్టిగా చదువుతారు.

పాస్టరు చేతిలో లేనిది

ఆ రోజు ఏం చదవాలో పాస్టరు ఇష్టానికి వదలరు. ఏడాది పొడవునా ప్రతి ఆదివారానికీ ముందే నిర్ణయించిన పాఠాల పట్టిక ఒకటుంటుంది. సీఎస్ఐ తన సొంత పట్టికను ఏటా తన పంచాంగంలో ప్రకటిస్తుంది. ఒక్కో ఆదివారానికి ఒక అంశం, దానికి తగిన పాఠాలు. క్యాథలిక్కులది మూడేళ్ల చక్రం. రెండో వాటికన్ మహాసభ బైబిల్‌ను జనానికి మరింత విస్తారంగా తెరవాలని 1963లో చెప్పిన మేరకు, 1969లో ఈ పట్టిక అమల్లోకొచ్చింది. ఒక ఏడాది మత్తయి, మరుసటి ఏడాది మార్కు, మూడో ఏడాది లూకా. యోహాను సువార్త మధ్యమధ్యలో వస్తుంది. దాదాపు ఇదే అల్లికతో ప్రొటెస్టెంట్ సంఘాల ఉమ్మడి పట్టిక 1992లో వెలువడింది. ఆ పట్టికను పాటించే సంఘాలు కేరళలో ఉన్నా కెనడాలో ఉన్నా ఆ ఆదివారం వినే సువార్త ఒక్కటే.

ఇది క్రమశిక్షణ కోసం పెట్టిన కట్టుబాటులా కనిపిస్తుంది. నిజానికి ఇది అధికారంపై పెట్టిన పరిమితి. ఏ వాక్యంపై మాట్లాడాలో ప్రసంగీకుడే ఎంచుకుంటే, ముందు తను చెప్పదలచుకున్నది అనుకుని తర్వాత దానికి సరిపడే వచనం వెతుక్కోవచ్చు. పట్టిక ఉన్నచోట వచనమే అతన్ని వెతుక్కుంటూ వస్తుంది. సంఘంలో పెద్ద కాంట్రాక్టరు ముందు వరుసలో కూర్చున్న రోజే, కూలి ఎగ్గొట్టిన యజమాని గురించిన పాఠం రావచ్చు. పాస్టరు ఇబ్బంది పడినా, ఆ పాఠం తాను ఏరి తెచ్చినది కాదని చెప్పుకునే వీలుంటుంది. ధైర్యం తక్కువైనవారికి కూడా పట్టిక కొంత ధైర్యం అప్పిస్తుంది.

దీనికి సరిగ్గా ఎదురుగా ఉండే అలవాటు కూడా తెలుగు క్రైస్తవుల ఇళ్లలోనే ఉంది. డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధన ముగిశాక వాగ్దాన కార్డు తీసుకుంటారు. ఆ ఏడాదంతా దేవుడు తమకిచ్చిన మాట అదేనని దాన్ని గోడకు అంటిస్తారు, బైబిల్లో దాచుకుంటారు. ఆ కార్డుల్లో ఆశీర్వాదాలుంటాయి, ఆదరణ ఉంటుంది. మందలింపు కార్డు మాత్రం ఎవరికీ రాదు, ఎందుకంటే అలాంటిది అచ్చు వేయరు. అప్పుల్లో, జబ్బుల్లో ఉన్నవారికి ఆ కార్డు ఇచ్చే ఊరటను తేలిగ్గా తీసిపారేయలేం. అయితే ఆదరణ కోసం వెతికేవాడికి ఆదరణే దొరుకుతుంది. వెతకనిది దొరకాలంటే పట్టిక కావాలి.

అలాగని పట్టిక లోపం లేనిదేం కాదు. హింసతో నిండిన అధ్యాయాలను, స్త్రీలు ప్రధాన పాత్రలైన అనేక కథలను అది దాటవేస్తుందని వేదాంత పండితులే విమర్శిస్తుంటారు. అంశం ముందే తెలుసు కాబట్టి పోయినసారి ప్రసంగాన్నే దుమ్ము దులిపి చదివే పాస్టర్లకూ కొదవలేదు. పట్టిక పాఠాన్ని మాత్రమే ఇస్తుంది. ఆ పాఠాన్ని వినేవారి బతుకుతో కలపాల్సింది ప్రసంగమే.

చదవడం రానివారి గ్రంథం

ఆ పనిని డోర్నకల్‌లో మొదలుపెట్టిన మనిషి తెలుగువాడు కాదు. తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో, వెల్లాలన్‌విళై అనే పల్లెలో 1874లో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, నాడార్ కులానికి చెందిన గ్రామ పాస్టరు కొడుకు. విదేశీ డబ్బుతో కాక భారతీయుల చందాలతో నడవాలన్న పట్టుదలతో 1903లో తిరునెల్వేలిలో ఏర్పడిన మిషనరీ సంఘానికి ఆయన ఒక ప్రధాన సారథి. ఆ సంఘం పంపగా 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

ఆయన ముందున్న సంఘంలో అత్యధికులు మాలలు, మాదిగలు. దాదాపు అందరూ వ్యవసాయ కూలీలు, అక్షరం రానివారు. పంటకోతల రోజుల్లో ఆదివారమన్నదే ఉండదు. అలాంటి జనానికి పుస్తకం ఇచ్చి ప్రయోజనమేమిటి? ఊరూరా ఉపాధ్యాయులను పెట్టారు. పగలు పిల్లలకు బడి, రాత్రి కూలి నుంచి వచ్చిన పెద్దలకు ప్రార్థన. పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, యేసు చెప్పిన కథలు అన్నీ చెవినబెట్టి కంఠస్థం చేయించారు. పల్లెకు తెలిసిన దరువుల్లో పాటలు కట్టించారు. కళ్లతో చదవలేని గ్రంథాన్ని జనం చెవులతో చదివారు. బిషప్ ఎడ్లబండి మీదా సైకిలు మీదా ఊళ్లు తిరిగి, ఎంత వచ్చిందో అడిగి చూసేవారు. 1941 నాటికి ఈ అధ్యక్ష మండలంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

బాప్తిస్మం తీసుకున్నవారితో ఆయన చేయించిన ఒక పని నేటికీ చెప్పుకుంటారు. తన నెత్తిన తానే చేయి పెట్టుకుని, తాను బాప్తిస్మం పొందిన మనిషినని, సువార్త చెప్పకపోతే తనకు శ్రమ తప్పదని పలకాలి. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని మాట అది. ఎవరి నీడ సోకితే మైలపడతామని ఊరు అనుకునేదో, ఆ మనిషి గ్రంథంలోని మాటను తన మాటగా పలుకుతున్నాడు. వినేవాడే చెప్పేవాడయ్యాడు.

ఇది అందరికీ నచ్చలేదు. 1930ల మధ్యలో అంబేద్కర్ హిందువుగా చనిపోనని యేవలాలో ప్రకటించాక, సామూహిక మతమార్పిడులపై గాంధీజీ హరిజన్ పత్రికలో తీవ్రంగా ప్రశ్నలు సంధించారు. ఆ వాదనలో అజరయ్య పేరూ వచ్చింది. ఆకలితో ఉన్న నిరక్షరాస్యుడికి మతాల మంచిచెడ్డలు బేరీజు వేసే శక్తి ఉంటుందా అన్నది గాంధీజీ సందేహం. పల్లె మనిషి తన బతుకును తూచుకుని నిర్ణయం తీసుకోగలడన్నది అజరయ్య నమ్మకం. ఆయన వలస పాలకుల తోక కాదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నవారిలో ఆయన ఒకరు. ఇద్దరు దేశభక్తుల మధ్య నడిచిన ఆ తగవు సారాంశం ఇది: వినేవాడికి అర్థం చేసుకునే హక్కూ శక్తీ ఉన్నాయా లేవా?

గణతంత్ర దినాన మూడు పాఠాలు

2025 జనవరి 26 ఆదివారమైంది. పొద్దున జెండా వందనం ముగించుకుని ఖమ్మం, వరంగల్ మేత్రాసనాల క్యాథలిక్ గుళ్లకు వెళ్లినవారు ఆ రోజు విన్న పాఠాలు చూస్తే, పట్టిక తయారుచేసినవారికి మన క్యాలెండర్ ముందే తెలుసా అనిపిస్తుంది. మొదటి పాఠం నెహెమ్యా గ్రంథం ఎనిమిదో అధ్యాయం. చెర నుంచి తిరిగొచ్చిన జనం యెరూషలేములో నీటి గుమ్మం ముందు మైదానంలో చేరారు. ఎజ్రా చెక్క వేదికనెక్కి తెల్లవారింది మొదలు మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు. పక్కనున్నవారు దాన్ని జనానికి అర్థమయ్యేలా విడమరిచారు. ఆదివారం వాక్యపఠనానికీ ప్రసంగానికీ తొలి నమూనా అదే. విన్న జనం ఏడ్చారు. నాయకులు వద్దని వారించి, పండుగ చేసుకోమని, ఏమీ సిద్ధం చేసుకోలేని వారికి వాటా పంపమని చెప్పారు. చదివింది అర్థమైందో లేదో చూడటానికి ఇంతకంటే సూటైన పరీక్ష లేదు.

రెండో పాఠం, పౌలు కొరింథీయులకు రాసిన శరీరం పోలిక. దేహం ఒకటే, అవయవాలు అనేకం. కన్ను చేతిని, తల పాదాలను అక్కర్లేదనలేవు. బలహీనంగా కనిపించేవే ఎక్కువ అవసరం. పాదాల పోలికతోనే మనుషులను మెట్లుగా పేర్చిన దేశంలో ఈ పాఠం చదవడం మామూలు సంగతి కాదు. ఇక సువార్త, లూకా నాలుగో అధ్యాయం. యేసు సొంతూరు నజరేతు సమాజ మందిరంలో విశ్రాంతి దినాన లేచి నిలబడ్డాడు. యెషయా గ్రంథపు చుట్టను చేతికిచ్చారు. బీదలకు శుభవార్త, చెరలో ఉన్నవారికి విడుదల, గుడ్డివారికి చూపు అన్న మాటలు చదివి, చుట్ట మడిచి, కూర్చుని, ఈ లేఖనం నేడు మీ చెవుల్లోనే నెరవేరిందన్న అర్థం వచ్చే మాట ఒకటన్నాడు. బైబిల్‌లో దొరికే అతి పొట్టి ప్రసంగాల్లో అదొకటి. అందులో బరువైన పదం ‘నేడు’.

ఆ ‘నేడు’ను డోర్నకల్ చుట్టుపక్కల ఎలా చెప్పాలి? అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివారికి ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు వచ్చింది. క్రైస్తవులకు, ముస్లింలకు రాలేదు. క్రైస్తవం స్వీకరించిన ఎస్సీలు, వారి సంతానం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బీసీ-సి కిందికొస్తారు. ఆ వర్గానికి రిజర్వేషన్ ఒక శాతం. ఎస్టీల విషయంలో మాత్రం మతం అడ్డంకి కాదు. డోర్నకల్ ఎస్టీ రిజర్వుడు అసెంబ్లీ నియోజకవర్గం. ఇక్కడ ఒకే చర్చిలో, ఒకే వరుసలో కూర్చుని ఒకే పాఠం విన్న లంబాడా క్రైస్తవుడి ధ్రువపత్రం చెక్కుచెదరదు. పక్కనున్న మాదిగ క్రైస్తవుడిది చెల్లదు.

అందుకే చాలా కుటుంబాలకు ఆదివారం ఒక పేరు, తహసీల్దారు ఆఫీసులో ఒక పేరు. 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ పరిస్థితిని ఇంకా బిగించింది. పుదుచ్చేరిలో ఉద్యోగం కోసం ఎస్సీ ధ్రువపత్రం కోరిన మహిళ బాప్తిస్మం పొందారని, క్రమం తప్పకుండా చర్చికి వెళ్తున్నారని కోర్టు గుర్తించింది. నమ్మకం లేకుండా కేవలం రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని తేల్చింది. అంటే ఆదివారం వాక్యం వినడానికి వెళ్లడం కూడా ఒక సాక్ష్యమే.

రెండు వైపులా వాదనలున్నాయి. క్రైస్తవంలో కులం లేదన్నప్పుడు కుల రక్షణ ఎందుకని ఒక పక్షం. మతం మారినా ఊరు మారలేదు, వాడ మారలేదు, అవమానమూ మారలేదని మరో పక్షం. మతంతో ముడి తెంచాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫార్సు చేసింది. 2022లో కేంద్రం ఆ నివేదికను సుప్రీంకోర్టులో తోసిపుచ్చింది, అదే ఏడాది అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానించింది. ఏటా నవంబరు రెండో ఆదివారాన్ని క్యాథలిక్, ప్రొటెస్టెంట్ సంఘాలు కలిసి దళిత విముక్తి ఆదివారంగా పాటిస్తున్నాయి. కానీ ఏ ప్రసంగీకుడైనా ‘నేడు’ అన్న మాట పలికినప్పుడు, ఎదురుగా కూర్చున్న తల్లి తన కొడుకు ఉద్యోగ దరఖాస్తులో మతం గడిలో ఏం రాయించాలా అని ఆలోచిస్తూ ఉండవచ్చు. ఆమె గురించి మాట్లాడకుండా నజరేతు కథను ముగించడం తేలికే. నిజాయితీ పాటించమని ఆమెకు చెప్పడం ఇంకా తేలిక. ఆ నిజాయితీకి కట్టాల్సిన వెల ఆమె ఒక్కతే ఎందుకు కట్టాలని సంఘాన్ని అడగడమే కష్టం.

కథలో రెండో సగం

నజరేతు కథ అక్కడితో అయిపోలేదు. మొదటి మాటలకు ఊరివాళ్లు ముచ్చటపడ్డారు. ఆ తర్వాతే యేసు రెండు పాత సంగతులు గుర్తు చేశాడు. కరవు కాలంలో ఏలీయా వెళ్లింది ఇశ్రాయేలు విధవరాళ్ల దగ్గరికి కాదు, సారెపతులోని పరాయి విధవరాలి దగ్గరికి. ఎలీషా బాగుచేసిన కుష్ఠురోగి సిరియా దేశపు నయమాను. అంతే, మందిరమంతా కోపంతో ఊగిపోయింది. కొండ అంచు నుంచి తోసేయడానికి ఊరివాళ్లే లాక్కెళ్లారు. విడుదల మనకని విన్నప్పుడు మెచ్చుకున్నవారే, అది పరాయివాళ్లకు కూడానని వినగానే తిరగబడ్డారు.

పట్టిక ఈ కథను రెండు ఆదివారాలకు పంచింది. రెండో సగం మరుసటి వారం రావాలి. 2025లో ఆ ఆదివారం ఫిబ్రవరి 2, బాలయేసును దేవాలయంలో సమర్పించిన పండుగ. క్యాథలిక్ నియమం ప్రకారం ఆ పండుగ పాఠాలదే పైచేయి. దాంతో ఆ ఏడాది ఆదివారం పూజల్లో విడుదల మాట వినిపించింది, కోపం మాట వినిపించలేదు.

తెలుగు సంఘాలకు అవసరమైనది ఆ రెండో సగమే. వందేళ్ల కిందట వీరే సారెపతు విధవరాలు, వీరే నయమాను. ఊరి బయటివారు, గ్రంథానికి బయటివారు. ఇవాళ వారి మనవలు, మునిమనవలు సమాజ మందిరంలో ముందు వరుసల్లో ఉన్నారు. ఇప్పుడు బయట ఉన్నదెవరు? సంఘం ఎన్నికలప్పుడు మాల ఓట్లు, మాదిగ ఓట్లు లెక్కపెట్టుకునే అలవాటు గురించి తెలుగు క్రైస్తవులకు ఎవరూ చెప్పక్కర్లేదు. పెళ్లి సంబంధాల దగ్గర కొరింథీయుల శరీరం పోలిక గుర్తు రాదు. ప్రభుత్వం ముందు దళితులమని అడిగే హక్కు ఎంత న్యాయమైనదో, చర్చి లోపల ఆ గీతలు ఎందుకున్నాయన్న ప్రశ్న కూడా అంత న్యాయమైనదే. మొదటిది బయటివారిని అడిగేది కాబట్టి చప్పట్లు వస్తాయి. రెండోదానికి నజరేతులో ఏం జరిగిందో లూకా రాసిపెట్టాడు.

లూకా సంవత్సరం మళ్లీ 2027 డిసెంబరు సమీపంలో ఆగమన కాలంతో మొదలవుతుంది. క్యాథలిక్ పట్టికలోనూ, ప్రొటెస్టెంట్ ఉమ్మడి పట్టికలోనూ నజరేతు కథ మొదటి సగం 2028 జనవరి 23న వస్తుంది. ఈసారి రెండో సగానికి ఏ పండుగా అడ్డు రాదు. అది చదవాల్సిన ఆదివారం జనవరి 30. సొంతవాళ్ల కోపానికి గాంధీజీ బలైన రోజు. ప్రసంగం రాసుకోవడానికి పాస్టర్లకు చాలినంత వ్యవధి ఉంది.